స్కార్పియన్స్: ఈల నుంచి లీడ్ గిటార్ దాకా

ప్రశ్న: కాలేజీ ఫేర్‌వెల్‌కు ‘విండ్ ఆఫ్ చేంజ్’ నేర్చుకుంటున్నం. ఎఫ్ కార్డు మోగుతలేదు. ఈల వేస్తే మైకుల బుస్సుమని గాలే వస్తున్నది. ఏం చేయాలె?
– ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: జర్మనీ రాక్ బ్యాండ్ స్కార్పియన్స్ పాట ఇది, సి మేజర్‌లో ఉంది. ఈల భాగానికి వరస ఇది: ఎఫ్, డి మైనర్, ఎఫ్, డి మైనర్, ఏ మైనర్, డి మైనర్, ఏ మైనర్, జి. ఎఫ్‌తో కుస్తీ పట్టకండి. క్యాపోను (గిటార్ మెడకు బిగించి తీగలన్నిటినీ ఒకేచోట నొక్కి పట్టే క్లిప్పు) అయిదో ఫ్రెట్‌కు బిగించి ఎఫ్‌కు బదులు సి, డి మైనర్‌కు ఏ మైనర్, ఏ మైనర్‌కు ఇ మైనర్, జికి డి, సికి జి పట్టండి. పాట శ్రుతి మారదు, ఈల భాగంలో బార్ కార్డు (ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కాల్సిన పట్టు) ఒక్కటీ రాదు. బ్యాండ్ గాయకుడు క్లౌస్ మైనే గొంతు పైస్థాయిది. మీ గాయకుడికి అందకపోతే అవే పట్లతో క్యాపోను రెండో ఫ్రెట్‌కు దించండి, పాట ఏ మేజర్‌కు వస్తుంది. క్యాపో నొక్కుడుకు తీగల శ్రుతి కాస్త పెరుగుతుంది, బిగించాక ట్యూనర్‌తో మళ్లీ చూసుకోవాలి.

ఇక ఈల. మైకు పెదాలకు ఎదురుగా ఉంటే ఊపిరి నేరుగా దానిమీదే పడుతుంది. గడ్డం దగ్గరికి దించి, గాలి మైకు పైనుంచి పోయేలా పట్టుకోండి. ఫోమ్ టోపీ తొడగండి. మిక్సర్‌లో లో కట్ (కింది స్థాయి శబ్దాలను కోసేసే బటన్) నొక్కమనండి. ఈల స్వరం దానికి చాలా పైన ఉంటుంది కాబట్టి నష్టమేమీ లేదు. మన ఎండలకు పెదాలు ఎండితే ఈల పలకదు, పక్కన నీళ్లు పెట్టుకోండి. నవ్వినా పోతుంది. ముందు వరసలో దోస్తులుంటే అటు చూడకండి!

ప్రశ్న: ఈ పాట బెర్లిన్ గోడ కూలినందుకే రాసిన్రా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కాదు. 1989 ఆగస్టులో లెనిన్ స్టేడియంలో జరిగిన మాస్కో సంగీతోత్సవం మైనేకు ప్రేరణ. అందుకే పాటలో మస్క్వా నది, గోర్కీ పార్కు ఉన్నాయి గానీ బెర్లిన్ ఊసు లేదు. గోడ తెరుచుకున్నది ఆ నవంబరులో. పాట వచ్చింది 1990లో, ‘క్రేజీ వరల్డ్’ ఆల్బంలో. ఆ తర్వాత జనం రెండింటినీ కలిపేసుకున్నారు.

ప్రశ్న: పాత ఆల్బం ఒకటి విన్న. ఇదే బ్యాండా అనిపించింది. ఎక్కడ మొదలువెట్టాలె?
– ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. హానోవర్‌లో 1965లో బ్యాండ్ పెట్టిన రుడాల్ఫ్ షెంకర్ ఇప్పటికీ ఉన్నాడు, కానీ అతనిది ప్రధానంగా రిథమ్ గిటార్ (కార్డులతో పాటను నడిపేది). లీడ్ గిటార్ (సోలోలు వాయించేది) చేతులు మారినప్పుడల్లా బ్యాండ్ రంగు మారింది. 1972 నాటి ‘లోన్‌సమ్ క్రో’లో లీడ్ అతని తమ్ముడు మైకేల్‌ది. అతను 1973లో యూఎఫ్‌వో అనే బ్యాండ్‌కు వెళ్లిపోయాక ఉలి రోత్ వచ్చాడు. రోత్‌ది అమెరికన్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ దారి. 1977 నాటి ‘ద సెయిల్స్ ఆఫ్ కేరాన్’ పాట వినండి, కర్ణాటక సంగీతం తెలిసినవారికి వకుళాభరణం రాగం స్వరాలు తడతాయి. 1978లో రోత్ వెళ్లాక మథియాస్ యాబ్స్ చేరాడు. ‘లవ్‌డ్రైవ్’లో మైకేల్ కూడా కొన్ని పాటలకు వాయించాడు, అందుకే ఆ ఒక్క ఆల్బంలో రెండు రకాల లీడ్ వినిపిస్తుంది.

ముందు ‘లవ్ ఎట్ ఫస్ట్ స్టింగ్’ (1984), తర్వాత ‘బ్లాకౌట్’ (1982), ‘లవ్‌డ్రైవ్’ (1979), ఆపైన రోత్ కాలపు లైవ్ ఆల్బం ‘టోక్యో టేప్స్’ (1978). ‘లోన్‌సమ్ క్రో’ చివరికి. ‘బ్లాకౌట్’కు ముందు మైనే గొంతు పోయి ఆపరేషన్ అయింది, ఆ గొంతే అని తెలిసి వింటే ఆశ్చర్యం రెట్టింపవుతుంది. ‘లవ్ ఎట్ ఫస్ట్ స్టింగ్’లోని ‘స్టిల్ లవింగ్ యూ’ పాట చివరి లీడ్ మాత్రం యాబ్స్‌ది కాదు, రుడాల్ఫ్‌ది. ఫోన్ యాప్‌లో ఆల్బం పేరు చూసి నొక్కండి. ‘కమ్‌బ్లాక్’ (2011) అని ఉంటే అవి పాత పాటలనే మళ్లీ రికార్డు చేసినవి.

ప్రశ్న: వీళ్లు రిటైరయ్యిన్రు గదా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: 2010లో ‘స్టింగ్ ఇన్ ద టెయిల్’తో వీడ్కోలు యాత్ర ప్రకటించారు, ఆ తర్వాత మనసు మార్చుకున్నారు. 2016లో మోటర్‌హెడ్ బ్యాండ్ మాజీ డ్రమ్మర్ మికీ డీ చేరాడు. 2022లో ‘రాక్ బిలీవర్’ వచ్చింది.