పలాస జీడిపప్పు పరిశ్రమలో లిటిల్ సూత్రం

ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్‌కు, అంటే తయారీ, సేవల పనులను నడిపించే విద్యకు, నిజంగా శాస్త్రీయమైన పునాది ఉందా, లేక అది అనుభవజ్ఞుల చిట్కాల మూటేనా అని మీరు అడిగారు. పునాది ఎప్పుడో పడిందనీ, దాన్ని పట్టించుకోవలసినవారే పట్టించుకోవడం లేదనీ నా గట్టి అభిప్రాయం.

నేను పలాసలో ఒక జీడిపప్పు పరిశ్రమలో సూపర్‌వైజరుగా పనిచేసినప్పుడు, ఏ విభాగమూ కాసేపైనా ఖాళీగా ఉండడం యజమానిగారికి గిట్టేది కాదు. వానాకాలంలో పప్పు సరిగా ఆరక పొట్టు తీసే పని నెమ్మదించినా, పిక్కలు ఉడకబెట్టేవారు ఉడకబెడుతూనే, కొట్టేవారు కొడుతూనే ఉండేవారు గనుక పొట్టు తీసే గది ముందు ట్రేలు గుమ్మం దాకా పేరుకునేవి. గుండ్లు (విరగని పప్పు) ఎప్పుడు పంపుతారని వ్యాపారులు రోజూ ఫోను చేసేవారు. "అందరూ పనిలోనే ఉన్నారు కదా బాబూ, సరుకెందుకు కదలడం లేదు?" అని యజమాని నన్ను నిలదీసేవారు.

దానికి జవాబు అమెరికన్ ఆచార్యుడు జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రంలో ఉంది. నిలకడగా నడిచే ఏ వ్యవస్థలోనైనా, సరుకు బయటకు వెళ్ళే వేగాన్ని అది లోపల గడిపే సగటు కాలంతో హెచ్చవేస్తే మధ్యలో ఆగివున్న సరుకెంతో వస్తుంది. పిక్కల తూకంలో రోజుకు ఒక టన్ను పూర్తయ్యే చోట ఆరు టన్నులు మధ్యలో ఉంటే, ఈ రోజు ఉడికిన పిక్క డబ్బాకెక్కడానికి సగటున ఆరు రోజులు పడుతుంది. పొట్టు తీసే గది ఎంత తీయగలదో అంతే ఉడకబెట్టమని పట్టుబట్టాను. బాయిలరు దగ్గరి వారు మధ్యాహ్నం ఖాళీగా కూర్చోవడం యజమానికి ఎంతమాత్రం నచ్చలేదు గానీ, ఆర్డర్లు త్వరగా కదలడం చూశాక ఊరుకున్నారు.

ఖాళీ ఎందుకు అవసరమో చెప్పే లెక్క కూడా ఉంది. డెన్మార్కులో గణితజ్ఞుడు ఎర్లాంగ్ టెలిఫోను కాల్స్‌పై 1909లో మొదలుపెట్టిన వరుసల (క్యూల) గణితం ప్రకారం, రాకలూ పని సమయాలూ యాదృచ్ఛికంగా మారే ఒకే కౌంటరు దగ్గర 80 శాతం సామర్థ్యం వాడితే నిరీక్షణ సగటున పని సమయానికి 4 రెట్లు, 95 శాతం వాడితే 19 రెట్లు అవుతుంది. ఇంత స్పష్టమైన ఫలితాన్ని పక్కనపెట్టి గోడలకు జపనీస్ నినాదాల పోస్టర్లు అంటించే శిక్షకులను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మనుషులతో కూడిన పనికి సూత్రాలేమిటని కొందరు వాదిస్తారు. లిటిల్ సూత్రానికి మనిషి స్వభావంతో పనిలేదు, కొలతలతోనే పని. మా ప్రాంతపు పరిశ్రమల్లో లోపలికి వచ్చే బస్తానూ బయటకు వెళ్ళే డబ్బానూ తూకం వేస్తారు గానీ, మధ్యలో ఎంత ఆగివుందో పుస్తకంలో రాసేవారు నాకు ఇంతవరకు కనిపించలేదు.