గడ్డ దగ్గరికే మందు మోసుకెళ్లే రోబో

ప్రశ్న: పోయిన వేసవిలో మా నాన్నగారికి పక్షవాతం వస్తే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. మెదడులో రక్తస్రావం కావచ్చని చెప్పి ముందే నాతో సంతకం పెట్టించుకున్నారు. ఆ టెన్షన్ ఇంకా పోలేదు. స్విట్జర్లాండ్‌లో ఏదో చిన్న రోబో నేరుగా గడ్డ దగ్గరికే మందు తీసుకెళ్తుందట. మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే మాకు దొరుకుతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇప్పుడైతే దొరకదమ్మా. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో బ్రాడ్లీ నెల్సన్ బృందం చేసిన ఆ పరీక్షలు సిలికాన్‌తో చేసిన నమూనా రక్తనాళాల్లో, పందుల్లో, గొర్రెల్లో జరిగినవి. 2025 నవంబరులో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. మనుషుల్లో పరీక్షలు గట్టెక్కాకే ఆసుపత్రికి వస్తుంది.

అయినా ఈ పని మీద నాకు చాలా ఆశ ఉంది. కారణం మీరు పెట్టిన ఆ సంతకమే. నరానికి ఎక్కించిన మందు ఒళ్లంతా తిరుగుతుంది, గడ్డకు చేరేది కొంతే. ఆ ఇంజెక్షన్‌కు దారి తీసిన 1995 నాటి అమెరికా పరీక్షలో, మందు తీసుకున్నవారిలో నూటికి ఆరుగురికి మెదడులో ప్రమాదకరమైన రక్తస్రావమైంది. గడ్డ దగ్గరే వదలగలిగితే తక్కువ మందు సరిపోవచ్చు.

రోబో అంటే చేతులూ కాళ్లూ ఊహించుకోకండి. ఇసుక రేణువంత జెలటిన్ గోళీ అది. మోటారు లేదు, చిప్ లేదు. లోపల మందుతో పాటు అయస్కాంతానికి లొంగే ఐరన్ ఆక్సైడ్ రేణువులు, ఎక్స్‌రేలో కనిపించడానికి టాంటలం అనే లోహం ఉంటాయి. సన్నటి గొట్టం ద్వారా నాళంలోకి వదిలి, బయటి అయస్కాంతాలతో నాళం గోడ వెంట దొర్లిస్తారు. రక్తం సెకనుకు 20 సెంటీమీటర్లకు పైగా వేగంతో పారుతున్నా ఎదురు నడిపించారు! గడ్డను చేరాక అయస్కాంత క్షేత్రాన్ని వేగంగా మారిస్తే ఐరన్ రేణువులు వేడెక్కి, జెల్ కరిగి, మందు బయటికొస్తుంది.

దానికోసం ఎదురుచూస్తూ ఉన్న వైద్యాన్ని వదులుకోవద్దు. ఆ ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే పడాలి. పెద్ద నాళం మూసుకుపోతే, తొడ దగ్గర గొట్టం పంపి గడ్డను లాగేసే పద్ధతి మన పెద్దాసుపత్రుల్లో ఇప్పటికే ఉంది.

నాన్నగారికి రాసిచ్చిన మాత్రలు ఆపకండి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆయన చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో కాగితం మీద రాసుకోండి. డాక్టరు ముందుగా అడిగేది అదే.