మియాటాని అలైన్‌మెంట్‌కి ఇచ్చే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కారు ఫోటోలు చూశాను. 1999 మాజ్దా మియాటా లాంటి చిన్న స్పోర్ట్స్ కారు, అదీ ఒహాయోలో, పైకి పెద్దగా తుప్పు లేకుండా దొరకడం మామూలు విషయం కాదు. చాలా సంతోషం. కానీ నువ్వు చివర్లో రాసిన మాట దగ్గర ఆగిపోయాను. హైవే మీద కారు కొంచెం కుడికి లాగుతోంది, శనివారం టైర్ల షాపుకి తీసుకెళ్ళి అలైన్‌మెంట్ చేయించేస్తాను అన్నావు. ఆ అపాయింట్‌మెంట్ వాయిదా వెయ్యి. అలైన్‌మెంట్, అంటే చక్రాల వాలు, దిశ సరిచేయించడం, తప్పకుండా చేయించాలి, కానీ ఈ కారుకి అలా చేయించకూడదు. ఎందుకో చెప్తాను.

మనం హైదరాబాద్‌లో పెరిగిన రోజుల నుంచీ "అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్" అని రెండూ ఒకే పనిలా చేయించడం అలవాటు. బ్యాలెన్సింగ్ వేరే సంగతి, అది చక్రం బరువు చుట్టూ సమానంగా ఉండేలా చూడటం. ఒక వేగం దాటాక స్టీరింగ్ వణుకుతుంటే అది బ్యాలెన్సింగ్. పక్కకి లాగుతుంటే, స్టీరింగ్ వంకరగా ఉంటే, టైరు ఒక అంచున అరుగుతుంటే అలైన్‌మెంట్ చూడాలి. ఇంకొకటి, అక్కడి చిన్న కార్లలో ఎక్కువ వాటికి షాపువాళ్ళు సరిచేసేది ముందు చక్రాల టో, అంటే చక్రాలు చూసే దిశ, ఒక్కటే. వెనకాల సరిచెయ్యడానికి ఆ కార్లలో ఏమీ ఉండదు కూడా. అందుకే ఇది ఇరవై నిమిషాల పని అని మన మనసులో ఉండిపోయింది.

నీ కారు అలాంటిది కాదు. నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ప్రతి చక్రాన్నీ పైనొకటి, కిందొకటి ఆర్మ్ పట్టుకుని ఉంటాయి. కింది ఆర్మ్‌లు కారు కింది ఫ్రేముకి కలిసే చోట, చక్రానికి రెండు చొప్పున, మొత్తం ఎనిమిది ఎక్సెంట్రిక్ బోల్టులు ఉంటాయి. బోల్టు తిప్పితే ఆర్మ్ లోపలికో బయటికో జరుగుతుంది. వీటికి తోడు ముందు చక్రాలని స్టీరింగ్‌కి కలిపే రెండు టై రాడ్‌లు. 1989లో ఈ కారు మొదట వచ్చినప్పుడు ఆ ధరలో ఇన్ని సర్దుబాట్లు ఇచ్చిన కార్లు చాలా తక్కువ. మాజ్దా ఇంజనీర్లు నీ చేతికి ఇంత ఇచ్చినప్పుడు దాన్ని వాడుకోకపోవడం అన్యాయం.

మూడు కొలతల గురించి కొంచెం చెప్పుకుందాం, షాపులో మాట్లాడటానికి అవసరం. చక్రం పైభాగం లోపలికి వాలితే నెగటివ్ క్యాంబర్. మలుపులో కారు పక్కకి ఒరిగినప్పుడు బయటివైపు టైరు నేల మీద పూర్తిగా ఆనడానికి ఇది కావాలి. స్టీరింగ్ తిరిగే ఇరుసు పైన వెనక్కి వాలి ఉండటం క్యాస్టర్. వదిలేసిన స్టీరింగ్ తనంతట తాను నిటారుకి రావడం ఎక్కువగా దీనివల్లే. టో అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికి చూస్తున్నాయా బయటికి చూస్తున్నాయా అన్నది, పాదాలు లోపలికి వేసి నడిచే మనిషిలాగా. టైరుని తినేసేది మాత్రం ఎక్కువగా ఈ టోనే. నెగటివ్ క్యాంబర్ ఒకటిన్నర డిగ్రీ పెడితే టైర్లు పాడైపోతాయని ఎవరైనా భయపెడితే నమ్మకు. టో సరిగ్గా ఉంటే ఆ క్యాంబర్ వల్ల అరుగుదల నెమ్మదిగానే ఉంటుంది. టో తప్పితే కొన్ని వేల మైళ్ళలోనే టైరు పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మామూలు షాపులో కంప్యూటర్ తెర మీద ప్రతి అంకె పక్కన ఎరుపో పచ్చో రంగు వస్తుంది. అన్నీ పచ్చగా మారితే పని అయిపోయిందంటారు. ఆ పచ్చ అంటే కంపెనీ ఒప్పుకున్న హద్దుల్లో ఉందని మాత్రమే. ఆ హద్దులు చాలా వెడల్పు. ఒక మంచి పేరున్న చోటే నా కారుకి వెనక ఎడమ చక్రం ఆ హద్దుల్లో ఒక చివర, కుడి చక్రం ఇంకో చివర పెట్టి ఇచ్చారు. కాగితం మొత్తం పచ్చగానే ఉంది. కారు మాత్రం ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో ఇంకోలా తిరిగింది. కాబట్టి నువ్వు అడగాల్సింది పచ్చరంగు కాదు, అంకెలు. ఆ అంకెలు కాగితం మీద రాసుకుని వెళ్ళాలి.

ఏ అంకెలన్నది నువ్వు ఆ కారుతో ఏం చేస్తావన్న దాన్ని బట్టి ఉంటుంది. రోజూ ఆఫీసుకి, వారాంతంలో కొండ దారులకి, ఏడాదిలో ఎప్పుడైనా ఆటోక్రాస్‌కి (కోన్‌ల మధ్య ఒక్కో కారుని సమయం కొలుస్తూ నడిపే పోటీకి) అన్నావు. కారు ఎత్తు కంపెనీ ఇచ్చినంతే ఉందనుకుంటే నేను ఇలా పెట్టిస్తాను. ముందు క్యాంబర్ రెండు వైపులా మైనస్ 1.0 డిగ్రీ, కుదిరితే మైనస్ 1.2. వెనక మైనస్ 1.5. ముందు టో సున్నా. వెనక మొత్తం టో లోపలికి 0.15 డిగ్రీ. క్యాస్టర్ ఆ క్యాంబర్ ఉంచుకుంటూ ఎంత వస్తే అంత, కానీ ఎడమా కుడీ సమానంగా. ఎడమకీ కుడికీ మధ్య తేడా దేనిలోనూ 0.1 డిగ్రీ దాటకుండా చూడమను. క్యాస్టర్‌లో మాత్రం 0.2 వరకూ పర్లేదు.

ముందు క్యాంబర్, క్యాస్టర్ రెండూ ఒకే రెండు బోల్టుల మీద ఆధారపడతాయి. రెంటినీ ఒకే వైపు జరిపితే క్యాంబర్ మారుతుంది, ఒకదానికొకటి ఎదురుగా జరిపితే క్యాస్టర్ మారుతుంది. అందుకే రెండూ గరిష్ఠంగా ఇవ్వమంటే కుదరదు. టెక్నీషియన్ "ఇంతకంటే రాదు" అన్నప్పుడు ఏది వదులుకోవాలో నువ్వు ముందే తేల్చుకుని ఉండాలి. నన్నడిగితే ముందు క్యాంబర్ కాపాడుకో, క్యాస్టర్ కొంచెం వదులుకో.

వెనక టో విషయంలో మాత్రం ఎవరు చెప్పినా రాజీ పడకు. వెనక చక్రాలు బయటికి చూస్తుంటే, మలుపు మధ్యలో నువ్వు యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే వెనకభాగం తిరిగిపోతుంది. ఇది తేలికైన, వెనక చక్రాలతో నడిచే కారు. కారు జారితే తనే సర్దే స్టెబిలిటీ కంట్రోల్ నీ కారుకి లేదు. వానలో ఒహాయో నది దగ్గర వంపుల్లో నువ్వు అలా తిరిగిపోవడం నాకు ఇష్టం లేదు. ఆటోక్రాస్ రోజున చురుకుదనం కోసం ముందు చక్రాలకి కొద్దిగా టో అవుట్ పెట్టేవాళ్ళున్నారు, అది సరే, కానీ అదే సెట్టింగ్‌తో రోజూ హైవే మీద తిరిగితే కారు నిలకడగా పోదు. మొదటి ఏడాది నీకు అదేం వద్దు.

ఇక్కడ ఒక చిన్న ఉచ్చు ఉంది, జాగ్రత్త. కొన్ని మెషీన్లు డిగ్రీలని దశాంశాల్లో చూపిస్తాయి, కొన్ని డిగ్రీలు, నిమిషాల్లో (ఇక్కడ నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు). 0.10 డిగ్రీ అంటే 6 నిమిషాలు. 10 నిమిషాలు అంటే దాదాపు 0.17 డిగ్రీ. ఫోన్లో ఒకరు ఒకటి చెప్పి మెషీన్ దగ్గర ఇంకొకరు ఇంకోలా అర్థం చేసుకుంటే మొత్తం తప్పుతుంది. మిల్లీమీటర్లలో మాట్లాడేవాళ్ళుంటే, నీ కారు టైరు సైజుకి మొత్తం టో 0.1 డిగ్రీ అంటే సుమారు 1 మిల్లీమీటరు అని గుర్తుపెట్టుకో.

సరే, వెళ్ళే ముందు చెయ్యాల్సినవి. నా దృష్టిలో సగం పని ఇదే.

ఒహాయోలో చలికాలంలో రోడ్ల మీద ఉప్పు వేస్తారు. పైన తుప్పు లేకపోయినా ఆ ఎనిమిది బోల్టులు లోపల బుష్ (ఆర్మ్ చివర ఉండే రబ్బరు జాయింట్) ఇనుప గొట్టానికి అతుక్కుపోయి ఉండొచ్చు. ఈ కార్లలో ఇది అందరికీ తెలిసిన బాధ. మా డాలస్‌లో మాకు ఈ కష్టం తక్కువ. షాపులో బోల్టు తిరగకపోతే రెండే జరుగుతాయి. "అది రాదు" అని ముందు టో మాత్రం సరిచేసి పూర్తి డబ్బు తీసుకోవడం ఒకటి, బలంగా తిప్పి విరగ్గొట్టడం రెండోది. కాబట్టి వారం ముందు నుంచే రోజూ సాయంత్రం ప్రతి బోల్టుకీ రెండు వైపులా తుప్పు వదిలించే నూనె కొట్టు. తర్వాత నట్ కొంచెం వదులు చేసి బోల్టు తల తిరుగుతుందో లేదో చూడు. తిప్పే ముందు ప్రతి బోల్టు ఉన్న చోటుని పెయింట్ పెన్నుతో గుర్తు పెట్టు, చూశాక మళ్ళీ అదే గుర్తుకి తెచ్చి బిగించు. ఏదైనా తిరగకపోతే ముందే తెలిసిపోతుంది, కొత్త బోల్టులూ బుష్‌లూ తెప్పించుకోవచ్చు.

కారుని జాక్ మీద లేపి స్టాండ్‌లు పెట్టు. స్టాండ్ లేకుండా కారు కిందకి చెయ్యి కూడా పెట్టకు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు, కదిలితే బాల్ జాయింట్ లేదా బేరింగ్. ఎడమా కుడీ పట్టుకుని ఊపు, కదిలితే టై రాడ్ చివర. వదులుగా ఉన్న జాయింట్ మీద చేసిన అలైన్‌మెంట్ షాపు గేటు దాటేసరికే మారిపోతుంది. అవి ముందు మార్పించు. స్ప్రింగులు మార్చే ఆలోచన ఉంటే అది కూడా అలైన్‌మెంట్‌కి ముందే, మార్చాక కొన్ని వందల మైళ్ళు తిరగనిచ్చి. కొత్త స్ప్రింగులు కొంచెం కుంగుతాయి. కారు ఎత్తు మారితే క్యాంబర్, టో రెండూ మారతాయి.

గాలి సంగతి చాలామంది పట్టించుకోరు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ చూడు, నీ కారుకి 26 పి.ఎస్.ఐ. ఇంత తేలికైన కారుకి ఆ అంకె సరైనదే. షాపువాళ్ళు అలవాటుగా 32, 35 కొట్టేస్తారు. నువ్వే కొలిచి వెళ్ళు, గాలి ముట్టొద్దని చెప్పు. పెట్రోలు సగం ట్యాంకు ఉంచు. డిక్కీలో సామాను తీసెయ్యి. ఆ లాగుడు కూడా ఒకసారి పరీక్షించు: ముందు చక్రాల టైర్లలో ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి నడుపు, ఒకే దిశలో తిరగాల్సిన రకం టైర్లు కాకపోతేనే. లాగుడు వైపు మారితే తప్పు టైరుది. అమెరికా రోడ్లు నీళ్ళు పోవడానికి కుడికి వాలుగా ఉంటాయి, కాబట్టి కొంచెం కుడికి పోవడం అన్ని కార్లకీ ఉంటుందని కూడా గుర్తుంచుకో. దీనికి విరుగుడుగా కొందరు ఎడమ క్యాస్టర్ తగ్గిస్తారు. నీ కారుకి అది వద్దను.

షాపు ఎంచుకోవడం. ఊరూరా ఒకే పేరుతో ఉండే చెయిన్ షాపుల్లో రేటు తక్కువ, కానీ అక్కడి మనిషికి ఇంకో కారు బయట ఎదురుచూస్తుంటుంది. నీకు కావాల్సింది రేసు కార్లు, పాత స్పోర్ట్స్ కార్లు చూసే చోటు. రెట్టింపు అడుగుతారు, ఇవ్వు. ఆటోక్రాస్ జరిగే చోటికి ఒక ఆదివారం వెళ్ళి మియాటాల వాళ్ళని అడుగు, అందరూ ఒకటి రెండు పేర్లే చెప్తారు. ఫోన్ చేసినప్పుడు మెషీన్ ఏ కంపెనీదని అడగడం కంటే, ఈ మూడు అడుగు: నేనిచ్చే అంకెలకి చేస్తారా, వెనక క్యాంబర్ కూడా సరిచేస్తారా, సీట్లో నా బరువు పెట్టి చేస్తారా. మూడోదానికి "ఎందుకు?" అనకుండా "తప్పకుండా" అన్నవాడి దగ్గరికి వెళ్ళు. సుమారు 2,300 పౌండ్ల కారులో ఒక మనిషి ఎడమవైపు కూర్చుంటే ఎడమ మూల కుంగుతుంది, అంకెలు మారతాయి. ఇన్సూరెన్స్ గొడవల వల్ల కారుని ఎక్కించి కొలిచే ర్యాక్ మీద నిన్ను కారులో కూర్చోనివ్వకపోవచ్చు, ఇసుక బస్తాలో జిమ్ ప్లేట్లో తీసుకెళ్ళు.

పని జరిగేటప్పుడు దగ్గర నిలబడనిస్తే నిలబడు, కానీ ప్రశ్నలతో మనిషిని విసిగించకు. రెండు విషయాలు మాత్రం గమనించు. ఒకటి, మొదట వెనక చక్రాలు, తర్వాత ముందు. వెనక చక్రాలు చూసే దిశని బట్టే కారు వెళ్ళే దారి నిర్ణయమవుతుంది, ముందువాటిని దానికి అనుగుణంగా పెడతారు. వెనక సరిగ్గా లేకుండా ముందు మాత్రం సరిచేస్తే కారు నిటారుగా పోతుంది కానీ స్టీరింగ్ వంకరగా ఉంటుంది. రెండు, స్టీరింగ్‌ని నిటారుగా లాక్ చేశాకే ముందు టో పెట్టాలి. అది అన్నిటికన్నా ఆఖరు పని. మధ్యలో కారుని లేపి దించితే కొంచెం ముందుకీ వెనక్కీ దొర్లించి, పైనుంచి నొక్కి, సస్పెన్షన్ కుదురుకున్నాకే మళ్ళీ కొలవాలి. ఇదంతా సవ్యంగా చేస్తే గంటన్నర, రెండు గంటలు పడుతుంది. అరగంటలో తాళాలు చేతికిస్తే అడగాల్సిందే.

డబ్బు కట్టే ముందు "చెయ్యకముందు", "చేశాక" అంకెలున్న ప్రింట్ తీసుకో. రంగులు చూడకు, నీ కాగితం పక్కన పెట్టి అంకెకి అంకె పోల్చు. తేడా ఉంటే మర్యాదగా అక్కడే చెప్పు. మంచి టెక్నీషియన్ దానికి కోపం తెచ్చుకోడు, కారుని మళ్ళీ ర్యాక్ ఎక్కిస్తాడు. పని నచ్చితే టిప్ ఇవ్వు, పేరు రాసుకో. ఏటా ఇదే మనిషి దగ్గరికి వెళ్ళాలి.

తర్వాత ఒక వారం నడిపాక ప్రతి టైరు మీదా అరచెయ్యి అడ్డంగా, లోపలికీ బయటికీ పోనిచ్చి చూడు. ఒక వైపు నున్నగా, తిరుగు దిశలో గరుగ్గా తగిలితే టో ఇంకా తప్పుగా ఉందని. కొత్తలోనే పట్టుకుంటే టైర్లు మిగులుతాయి.

బోల్టులు చూశాక ఎన్ని తిరిగాయో ఫోన్ చెయ్యి, కొత్తవి తెప్పించాల్సి వస్తే ఏవి కొనాలో ఇద్దరం కలిసి చూద్దాం. ప్రింట్ రాగానే ఫోటో తీసి పంపు. అక్కకి, బావగారికి నా నమస్కారాలు చెప్పు.

మీ మామయ్య