శ్యామశాస్త్రికి సంగీతం ఎలా అబ్బింది?

కర్ణాటక సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన శ్యామశాస్త్రి మన ఆంధ్రలోని కంభంవారేనా, ఆయనకు సంగీతం ఎవరు నేర్పారు అని అడిగారు. పూర్వీకులది కంభం ప్రాంతమని చెబుతారు. ఆయన పుట్టింది మాత్రం 1762లో, తమిళనాడులోని తిరువారూరులో. కంభం చెరువు గట్టున కృతులు కట్టారని ఊహించుకోకండి! ఇంటి వృత్తి బంగారు కామాక్షి అమ్మవారి అర్చకత్వం. సంగీతస్వామి అనే తెలుగు సన్యాసి కాశీ నుంచి వచ్చి తాళశాస్త్రం నేర్పారు. ఆ తర్వాత ‘విరిబోణి’ అనే భైరవి రాగ వర్ణం (సాధనకూ కచేరీ ఆరంభానికీ పాడే రచన) కట్టిన పచ్చిమిరియం ఆదియప్పయ్య సాంగత్యం దొరికింది. ఆ వర్ణం విన్నాక అదే రాగంలో శాస్త్రిగారి స్వరజతి (స్వరాలకు సాహిత్యం కూర్చిన రచన) వినండి, చుట్టరికం తెలుస్తుంది. అయితే అసలు రుచి లయలో ఉంది. మిశ్రచాపు అనే ఏడక్షరాల తాళంలోని 3, 4 అక్షరాల (తాళపు లెక్కల) వరసను 4, 3గా తిప్పి ఆయన వాడిన విలోమచాపు దగ్గర తాళం వేయబోయి నేనెన్నిసార్లు తడబడ్డానో!