తెల్లాకు సోకు, పచ్చాకు తిండి

ప్రశ్న: మా మాన్‌స్టెరా ఆల్బో (తెల్లమచ్చల ఆకుల తీగమొక్క)కు మొదట సగం తెలుపు, సగం పచ్చగా ఆకులు వచ్చేవి. చివరి మూడూ పూర్తి పచ్చగా వచ్చాయి. ఎరువు తక్కువైందా?
– పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: దీనికీ ఎరువుకీ సంబంధం లేదండి. ఆల్బోలో పత్రహరితం ఉన్న కణజాలం, లేని కణజాలం పక్కపక్కనే పెరుగుతాయి. కొసలో ఏది పైచేయి అయితే ఆకు ఆ రంగులో వస్తుంది. తిండి తయారుచేసేది పచ్చదే కాబట్టి, బలంగా ఎదిగి తెలుపును పక్కకు నెట్టేస్తుంది.

కాండాన్ని వెలుతురులో పెట్టి చూడండి. కణుపు నుంచి కణుపుకు తెల్లచార సాగుతూ ఉండాలి. అది ఆగిపోయిన చోటు దాటాక వచ్చే ఆకులు దాదాపు పచ్చవే. చార ఉన్న చివరి కణుపుకు అంగుళం పైన, స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో కోసేయండి. కణుపు దగ్గర బియ్యపు గింజంత కన్ను ఉంటుంది. అది తెలుపు, పచ్చ కలిసే అంచున ఉంటే మచ్చల కొమ్మ వచ్చే అవకాశం ఎక్కువ. పూర్తిగా పచ్చ వైపు ఉంటే మరో కణుపు కిందికి దిగక తప్పదు. చేతులకు గ్లవ్స్ వేసుకోండి, పాలు తగిలితే దురద పెడుతుంది. ఈ పని వానలు మొదలయ్యాక చేయండి, మే ఎండల్లో వద్దు.

అన్నట్టు, వరుసగా తెల్లాకులే వచ్చినా ఇదే కోత. ఫొటోకు బాగుంటాయి గానీ మొక్కకు అవి కూర్చుని తినే బంధువులు.

ప్రశ్న: తెల్లభాగం గోధుమరంగుకు మాడుతోంది. తూర్పు బాల్కనీలో ఉంచి, రోజూ బోరునీళ్లు స్ప్రే చేస్తున్నాను.
– పాఠకుడు, మియాపూర్

జవాబు: స్ప్రే ముందు ఆపండి. వేసవి మధ్యాహ్నం మన గాలిలో ఆ తడి నిమిషాల్లో ఆరిపోతుంది, బోరునీళ్ల ఉప్పు మాత్రం ఆకు మీద మిగులుతుంది. మాడిన తీరును బట్టి కారణం పోల్చుకోవచ్చు. కొసల నుంచి లోపలికి ఎండుతూ వస్తే ఉప్పునీళ్లు, పొడిగాలి. ఎండ తగిలే వైపే, ఆకు మధ్యలో కాగితంలా ఎండితే ఎండదెబ్బ. మచ్చ మెత్తగా, చుట్టూ పసుపు వలయంతో ఉంటే వేర్లు చూడాలి. నల్లబడి, వాసన వస్తుంటే కుళ్లినట్టే.

ఉదయం తొమ్మిది దాటాక ఎండ పడకుండా 50 శాతం షేడ్‌నెట్ కట్టండి. వాననీళ్లు పట్టుకోండి, లేదంటే ఏసీ నుంచి కారే నీళ్లు వాడండి. ఆర్వో వదిలేసే వృథానీళ్లు బోరునీళ్లకంటే ఘోరం. నెలకోసారి కుండీ పరిమాణానికి రెండింతల మంచినీళ్లు పోసి, అడుగు నుంచి పూర్తిగా కారనివ్వండి.

ఎర్రమట్టిలో పెట్టి ఉంటే మార్చేయండి. కోకోపీట్ 4 పాళ్లు, పైన్ బెరడు ముక్కలు 3, పెర్లైట్ (తేలికపాటి తెల్ల రాతిగుళికలు) 2, వర్మీకంపోస్టు 1, గుప్పెడు బొగ్గుముక్కలు. కోకోపీట్‌లోనూ ఉప్పు ఉంటుంది, రెండు మూడుసార్లు నానబెట్టి పిండాకే కలపాలి. రెండంగుళాల లోతున వేలికి పొడిగా తగిలినప్పుడే నీళ్లు. పాకేందుకు కొబ్బరిపీచు కర్ర నాటి, దాన్ని తడిగా ఉంచితే గాలివేర్లు పట్టుకుని ఆకులు పెద్దవవుతాయి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఆల్బో విత్తనాలు చవకగా దొరుకుతున్నాయి. కొనవచ్చా?
– పాఠకురాలు, ఎల్బీ నగర్

జవాబు: వద్దు. ఆల్బో మచ్చ విత్తనంతో రాదు, కణుపు ముక్కతోనే వస్తుంది. కణుపు లేని ఒంటి ఆకు నీళ్లలో వేర్లు వేసినా ఎప్పటికీ చిగురు వేయదు, దానికీ డబ్బు పెట్టకండి. కొత్తవాళ్లకు మా సలహా టిష్యూకల్చర్‌లో (ల్యాబ్‌లో కణజాలం నుంచి పెంచే పద్ధతి) వచ్చే థాయ్ కాన్‌స్టలేషన్ అనే మరో మాన్‌స్టెరా రకం. మీగడరంగు చుక్కలు స్థిరంగా ఉంటాయి, పచ్చగా మారిపోతుందన్న బెంగ తక్కువ.

ప్రశ్న: ఎరువు ఎంత?
– పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) లీటరు నీటికి అర గ్రాము, పదిహేను రోజులకోసారి. చలికాలంలో మానేయండి.

ప్రశ్న: ఆకు వెనుక వెండిరంగు గీతలు, నల్లచుక్కలు. వేపనూనె కొట్టాక తగ్గి, మళ్లీ వచ్చాయి.
– పాఠకురాలు, ఉప్పల్

జవాబు: తామర పురుగులు. గుడ్లు ఆకు కండలోపల ఉంటాయి, వాటికి మందు తగలదు. అందుకే ఒక్కసారితో పోవు. లీటరు గోరువెచ్చని నీటికి 5 మి.లీ. వేపనూనె, 1 మి.లీ. ద్రవసబ్బు కలిపి, సాయంత్రంపూట ఆకు రెండు వైపులా తడిసేలా, వారానికోసారి చొప్పున నాలుగు వారాలు కొట్టండి. ముందు ఒక ఆకు మీద చూసుకోండి, తెల్లభాగం సున్నితం. నీలం జిగురు అట్ట ఒకటి పక్కన వేలాడదీసి, ఆ మొక్కను మిగతావాటికి దూరంగా ఉంచండి.