రూమ్మేట్ అసైన్‌మెంట్ కోడ్ అడుగుతున్నాడు, ఇవ్వాలా వద్దా?

అమెరికాలో ఎంఎస్ మొదటి సెమిస్టర్, రేపు రాత్రికి డెడ్‌లైన్, రూమ్మేట్ "ఊరికే ఒకసారి చూస్తా" అని కోడ్ అడుగుతున్నాడు, ఇవ్వకపోతే ఒకే ఇంట్లో మొహాలు ఎలా చూసుకోవాలి అని అడిగారు. ఇవ్వకండి. నేను ఇచ్చాను కాబట్టి చెప్తున్నాను.

అల్గారిదమ్స్ కోర్సు. ఒకే అపార్ట్‌మెంట్‌లో నలుగురం, అందరం తెలుగువాళ్లమే. అడిగినవాడు నేను దిగిన మొదటి వారం తన పరుపు నాకిచ్చి తను కింద పడుకున్నవాడు, అలాంటివాడు రాత్రి పదకొండింటికి వచ్చి అడిగితే కాదనడానికి నోరు రాలేదు, ఫైల్ వాట్సాప్‌లో పంపేశాను. వాడు వేరియబుల్ పేర్లన్నీ మార్చాడు, ఫంక్షన్లు అటూ ఇటూ జరిపాడు, కామెంట్లు తీసేశాడు. మూడు వారాల తర్వాత ప్రొఫెసర్ ఇద్దరినీ పిలిచి రెండు ప్రింటవుట్లు పక్కపక్కన పెట్టారు. ఎర్రర్ వెతుక్కోడానికి నేను పెట్టి, తీసేయడం మర్చిపోయిన ఒక ఇఫ్ కండిషన్, ఎప్పటికీ నిజమయ్యేది కాదు, రెండింట్లోనూ అదే చోట ఉంది.

పేర్లు మారిస్తే దొరకం అనుకోవడం పెద్ద పొరపాటు. కాపీ కోడ్ పట్టుకునే మాస్ అనే ప్రోగ్రామ్ 1994 నుంచీ ఉంది, స్టాన్‌ఫర్డ్ సర్వర్ మీద నడుస్తుంది, అది పేర్లూ ఖాళీలూ పట్టించుకోదు, కోడ్ నిర్మాణాన్ని పోల్చి కలిసిన లైన్లను రంగులు వేసి మరీ చూపిస్తుంది. పాత బ్యాచ్‌ల అసైన్‌మెంట్లు కూడా అందులో వేసి చూసే ప్రొఫెసర్లున్నారు, కాబట్టి సీనియర్ల డ్రైవ్ లింకులు కూడా నమ్మకండి.

రాసింది నేనే అని ప్రొఫెసర్ నమ్మారు. అయినా ఇద్దరికీ సున్నా, ఇద్దరికీ కోర్సులో ఒక గ్రేడ్ తగ్గింపు, ఇద్దరి ఫైల్లోనూ రికార్డు. ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ ఒకటే అని సిలబస్, అంటే ఇక్కడ కోర్సు నియమాలన్నీ ఉండే కాగితం, మొదటి పేజీల్లోనే ఉంది, నేనే చదవలేదు. మన దగ్గర బీటెక్‌లో ల్యాబ్ రికార్డు ఒకరు రాస్తే పదిమంది దింపుకుంటాం కదా, అదే అలవాటుతో విమానం ఎక్కేశాం.

ఇదే రెండోసారి అయితే సస్పెన్షన్ అన్నారు. ఆ మాటకు మనకు అర్థం వేరు. సస్పెండ్ అయితే ఫుల్‌టైమ్ ఎన్‌రోల్‌మెంట్ ఉండదు, అది లేకపోతే ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా స్టేటస్ నిలబడదు, సెవిస్ రికార్డు, అంటే విదేశీ విద్యార్థుల మీద అమెరికా ప్రభుత్వం ఉంచే రికార్డు, టర్మినేట్ అయ్యాక ఇంటికి వెళ్లాల్సిందే. నాన్న ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి లోన్ తీసుకున్నారు. ఆ వారం ఆయన ఫోన్ చేసిన ప్రతిసారీ క్లాసులో ఉన్నానని అబద్ధం చెప్పాను, ఆ అబద్ధాలే నన్ను ఇప్పటికీ ఎక్కువ బాధపెడతాయి.

మీ రూమ్మేట్‌తో ఈ రాత్రి కూర్చోండి, ల్యాప్‌టాప్ మూసేసి కాగితం మీద ఐడియా చెప్పండి, అదీ మీ కోర్సు సిలబస్‌లో చర్చకు అనుమతి ఉంటేనే. టైమ్ చాలకపోతే డెడ్‌లైన్ దాటకముందే ఎక్స్‌టెన్షన్ అడగమనండి, నేను తర్వాతి సెమిస్టర్‌లో జ్వరంతో ఉండి అడిగితే రెండు రోజులు ఇచ్చారు. ఒకవేళ ఫైల్ ఇప్పటికే పంపేసి ఉంటే, అది సబ్మిట్ చేయొద్దని వాడికి ఇప్పుడే చెప్పండి. అప్పటికే చేసేసి ఉంటే వాళ్లు పిలిచేదాకా ఆగకుండా మీరే ప్రొఫెసర్‌కి మెయిల్ రాయండి, మీరు రాస్తున్నట్టు వాడికి చెప్పే రాయండి.