మొదటి కోతకు ముందు మేనల్లుడికి

చిరంజీవి సుధీర్‌కు మావయ్య ఆశీస్సులు.

ఫ్రాన్స్‌లో విలియే-మోర్గోన్ దగ్గర అర హెక్టారు గామే (నల్ల ద్రాక్ష రకం) తోట కౌలుకు దొరికిందని, ఈ సెప్టెంబరు కోతతోనే సొంత వైన్ మొదలుపెడుతున్నానని రాశావు. చాలా సంతోషం. ఈస్టు కొనను, వైన్‌లో గంధకం వేయను, వడపోయను అన్నావు. మంచి దారే. కానీ పొడులు వాడేవాడు తప్పు జరిగాక దిద్దుకోగలడు, నీకు ఆ వీలు తక్కువ. గంధకం చేసే కాపలా అంతా నువ్వు ముందే చేతులతో చేసిపెట్టుకోవాలి. ఉత్తరం పొడుగైంది, ఓపిగ్గా చదువు.

ఈ పద్ధతికి నువ్వున్న బోజోలే ప్రాంతంలోనే పునాది పడింది. వైన్ వ్యాపారి, రసాయన శాస్త్రం తెలిసిన జూల్ షోవే (1907–1989) అక్కడే ఈస్టుల మీద, గుత్తుల్ని నలపకుండా పులియబెట్టడం మీద ఏళ్ల తరబడి పని చేశాడు. మోర్గోన్ వైన్ రైతుల్లో మార్సెల్ లాపియేర్, ఆ తర్వాత ఫోయార్, బ్రెతాన్, తెవెనే ఆ దారి పట్టారు. వాళ్లు దేన్నీ గాలికి వదిలేయలేదు. చల్లటి, శుభ్రమైన పండుతో మొదలుపెట్టి, రోజూ రుచి చూసి, లెక్క రాసుకున్నారు. నువ్వు నేర్చుకోవలసింది అదే.

తోట సంగతి క్లుప్తంగా చెబుతాను. మన వైపు పందిరి తోటలకు ఏడాదికి రెండు కత్తిరింపులు. అక్కడ చలికాలంలో ఒక్కటే, పైగా పందిరి లేని పొట్టి మొక్కలు. మధ్యలో గాలి ఆడేలా గిన్నె ఆకారంలో కొమ్మలు వదులు. బూడిద తెగులుకు గంధకం పొడి చాలు, కానీ 30 డిగ్రీలు దాటిన ఎండలో చల్లితే ఆకు మాడుతుంది. బూజు తెగులుకు బోర్డో మిశ్రమం, మనవాళ్లు మైలుతుత్తం, సున్నం కలిపి చేసేదే. కొత్త రెమ్మ 10 సెంటీమీటర్లు పెరిగి, వేడి 10 డిగ్రీలు దాటి, 10 మిల్లీమీటర్ల వాన పడితే బూజు మొదలవుతుందని లెక్కపెట్టుకో. వానకు ముందు కొట్టాలి, తర్వాత కాదు. 20–25 మిల్లీమీటర్ల వాన పడిందంటే కొట్టిన మందు కడుక్కుపోయినట్టే. యూరప్ నిబంధన ప్రకారం ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోల రాగి మించకూడదు. సగటున నీ అర హెక్టారుకు ఏడాదికి 2 కిలోలు, అంటే 20 శాతం రాగి ఉన్న బోర్డో పొడి 10 కిలోలు. మేలోనే అంతా ఖర్చు పెట్టేస్తే జూలై వానలకు చేతిలో ఏమీ మిగలదు.

కౌలుకు తీసుకునేటప్పుడు తోటకు సేంద్రియ ధ్రువీకరణ ఉందో లేదో కాగితం చూశావా? లేకపోతే మార్పిడికి మూడేళ్లు పడుతుంది. అంతవరకు సీసా మీద సేంద్రియ ముద్ర వేసుకోలేవు. 2020లో ఫ్రాన్స్‌లో వచ్చిన ‘వాన్ మెథోద్ నాత్యూర్’ (సహజ పద్ధతి వైన్) ముద్రకూ సేంద్రియ ధ్రువీకరణ ఉన్న పండో, కనీసం మార్పిడి రెండో ఏడాదిలో ఉన్న తోట పండో కావాలి. దాని షరతులు: చేతికోత, తోటలోని ఈస్టు మాత్రమే, ఏమీ కలపకూడదు, పులియడం పూర్తయ్యేదాకా గంధకం అసలు వద్దు, ఆ తర్వాత కూడా మొత్తం లీటరుకు 30 మిల్లీగ్రాముల లోపే.

ఇక కోత. హెక్టారుకు 35 హెక్టోలీటర్ల (హెక్టోలీటరు అంటే 100 లీటర్లు) చొప్పున వేసుకుంటే నీకు సుమారు 2,300 కిలోల పండు, 1,750 లీటర్ల వైన్, 2,300 సీసాలు వస్తాయి. ఆరేడుగురికి ఒక రోజు పని. లోతు తక్కువ ఉన్న 20 కిలోల పెట్టెలు వాడు, లోతు పెట్టెల్లో కింది గుత్తులు నలిగి రసం కారి అక్కడే వెనిగర్ మొదలవుతుంది. గుత్తిని కోసేవాళ్లే ముక్కు దగ్గర పెట్టుకోవాలి. వెనిగర్ వాసన వచ్చిన గుత్తి నేల మీదే పడాలి. అనుమానం వచ్చింది కూడా పారేయమని చెప్పు. బూడిద రంగు కుళ్లు పట్టిన పండు లోపలికి పోతే వైన్ గోధుమరంగుకు తిరుగుతుంది, గంధకం లేనిచోట దాన్ని ఆపేది లేదు. ఎండెక్కే లోపు కోసి, ఆ రాత్రికి అద్దె శీతల కంటైనర్‌లో పెట్టి 10–12 డిగ్రీలకు చల్లార్చు. ఈ ఖర్చు దగ్గర వెనకాడకు. వేడి పండుతో తొట్టి నింపితే ఈస్టు కన్నా ముందు బ్యాక్టీరియా లేస్తుంది.

తోడు, అంటే తొట్టిలో వేయడానికి ముందే పులియబెట్టిన రసం, దాని సంగతి కోతకు వారం ముందే చూడాలి. మన కల్లు లొట్టిలో ఎవరూ ఈస్టు వేయరు, దానంతటదే పులుస్తుంది, సాయంత్రానికి పుల్లబడుతుంది కూడా. ద్రాక్ష రసమూ అంతే: మంచి ఈస్టు, చెడ్డ సూక్ష్మజీవి రెండూ తొక్క మీదే ఉంటాయి, ఏది ముందు లేస్తుందో అదే గెలుస్తుంది. అందుకే తోటలో బాగున్న మూలనుంచి 80 కిలోలు కోసి, నలిపి, ఒక్కచోట కాకుండా మూడు బకెట్లలో వేరుగా 20–22 డిగ్రీల దగ్గర పెట్టు. రోజుకు రెండుసార్లు కలుపు. గోళ్లరంగు వాసన వచ్చిన బకెట్ మొహమాటం లేకుండా పారబోసెయ్. నురగ కట్టి, పండు వాసనతో, హైడ్రోమీటర్ (రసం సాంద్రత కొలిచే సాధనం) మీద 1,030 దగ్గరికి దిగినది వాడు. పెద్ద తొట్టికి 50 లీటర్లు చాలు.

తొట్టి 30–35 హెక్టోలీటర్లది కావాలి. వేడినీళ్లతో కడిగి, పంపు, గొట్టాలు, కుళాయి విప్పి మరీ కడుగు. కుళాయి లోపలి రబ్బరు వాషర్ వెనక చేరిన ఎర్రటి జిగట చూశావా? పోయిన ఏటి చెడంతా అక్కడే కాపురం ఉంటుంది. తర్వాత అడుగున తోడు పోసి, కార్బన్ డయాక్సైడ్ నింపి, గుత్తుల్ని తొడిమలతో సహా చేతులతో మెల్లగా దించు. నలపొద్దు. మూత వేసెయ్. బరువుకు అడుగు పండ్లు చిట్లి రసం వస్తుంది, అది పులుస్తుంది. పైనున్న పండ్లు గాలి లేక లోపల్లోపలే మారతాయి: కొంచెం ఆల్కహాల్, కొంత మాలిక్ (పండులోని సహజ పులుపు) తగ్గుదల, గామేకు పేరు తెచ్చే ఆ పండు వాసన.

ఒక హెచ్చరిక. లీటరు రసం పులిస్తే 50 లీటర్ల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, నేలబారున నిలుస్తుంది. పాత బావిలో పూడికకు దిగి పోయినవాళ్ల సంగతి మనకు తెలిసిందే. ఇదీ ఆ మృత్యువే. కొవ్వొత్తిని నమ్మకు, మీటర్ కొను. ఒంటరిగా తొట్టిలోకి వంగకు.

రోజూ ఉదయం కుళాయి నుంచి గ్లాసుడు రసం తీసి సాంద్రత, ఉష్ణోగ్రత, రుచి రాసుకో. రెండు రోజులకోసారి ల్యాబ్‌కు పంపి వోలటైల్ ఆమ్లం (వెనిగర్ పులుపు), మాలిక్ చూడు. 8 నుంచి 14 రోజుల్లో, పండు కొరికితే లోపలి గుజ్జు గులాబీరంగుకు తిరిగి, నాలుక మీద చిరుచిరు మంట పెడితే పిండే సమయం. మర నుంచి కారే తియ్యటి రసాన్ని అక్కడివాళ్లు ‘పారడి’ అంటారు, స్వర్గం అని. నీకు అసలు గండం అక్కడే. లీటరుకు 50 గ్రాముల పైన చక్కెర ఉంటుంది, ఈస్టు అలసి ఉంటుంది, మాలిక్‌ను తినే బ్యాక్టీరియా అప్పటికే లేచి ఉంటుంది. ఈస్టు ఆగిందా, ఆ బ్యాక్టీరియా చక్కెర మీద పడి వెనిగర్ చేస్తుంది. గంధకం వేయని వైన్లు పాడయ్యే కారణాల్లో నా లెక్కలో ఇదే మొదటిది.

అందుకని పిండేరోజు రసానికి ఒక్కసారి గాలి తగలనివ్వు, ఈస్టుకు అది ఊపిరి. తొట్టిని 20–22 డిగ్రీల దగ్గర ఉంచు, అక్టోబరు రాత్రులు చల్లబడతాయి, కంబళి చుట్టినా సరే. రెండు రోజులు సాంద్రత కదలకపోతే, పక్క రైతు దగ్గర జోరుగా పులుస్తున్న సేంద్రియ తొట్టి నుంచి 50 లీటర్లు అడిగి తెచ్చి కలుపు. అప్పటికీ కదలక, వోలటైల్ ఆమ్లం లీటరుకు 0.4 నుంచి 0.6 గ్రాములకు ఎక్కితే గంధకం వేసెయ్. లీటరుకు 20 మిల్లీగ్రాములు, అంటే 1,750 లీటర్లకు 35 గ్రాములు. పొటాషియం మెటాబైసల్ఫైట్ రూపంలో ఇంచుమించు 70 గ్రాములు, ఎందుకంటే దానిలో సగమే గంధకపు వాయువుగా పనికొస్తుంది. ఆ ఏడు ముద్ర పోతుంది, వైన్ మిగులుతుంది. మొదటి ఏడాది పంట మొత్తం పారబోస్తే రెండో ఏడాది కౌలు ఎక్కణ్ణుంచి కడతావు? సిగ్గుపడాల్సింది ఏమీ లేదురా.

చక్కెర లీటరుకు 2 గ్రాముల లోపుకు దిగాక పీపాల్లో పోసి, నిండుగా ఉంచు. ఆవకాయ జాడీ మీద నూనె తేలాలని అమ్మమ్మ ఎందుకు అనేదో నీకు తెలుసు. ఇక్కడ నూనె లేదు కాబట్టి వారం, పది రోజులకోసారి అదే వైన్‌తో అంచుదాకా నింపాలి. దానికోసం చిన్న సీసాల్లో కొంత దాచుకో. పీహెచ్ 3.6 దాటితే గుర్రపుశాల వాసన తెచ్చే ఈస్టుకు సందు దొరుకుతుంది, అలాంటి పీపా మీద కన్నేసి ఉంచు.

సీసాలో పోసే ముందు ఎలుక వాసన పరీక్ష తప్పక చేయి. ఈ దోషం ముక్కుకు అందదు, మింగిన తర్వాత లాలాజలం తగిలి పులుపు తగ్గాకే బయటపడుతుంది. గ్లాసులో చిటికెడు వంటసోడా కలిపి వాసన చూడు, దాక్కున్నది పైకొస్తుంది. వస్తే పోయకు, నెలలు ఆగు, ఒక్కోసారి తగ్గుతుంది. మరుసటి రోజుదాకా గాలికి వదిలిన గ్లాసు రంగు మారిందేమో కూడా చూడు. మాలిక్ పూర్తిగా పోయిందని, చక్కెర 2 గ్రాముల లోపే ఉందని ల్యాబ్ కాగితం చేతికి వచ్చాకే బిరడా కొట్టు. లేకపోతే కొన్నవాళ్ల ఇంట్లో సీసా మళ్లీ పులిసి బిరడా ఎగురుతుంది. కొంచెం కార్బన్ డయాక్సైడ్ లోపల ఉండనివ్వు, అదే దాని కాపలా. కొనేవాళ్లకు సీసా ఉంచే చోట వేడి 14 డిగ్రీలు దాటనివ్వొద్దని చెప్పు.

లేబుల్ మాత్రం తొందరపడి అచ్చు వేయించకు. 2023 డిసెంబరు 8 తర్వాత చేసిన వైన్లకు యూరప్‌లో పదార్థాల జాబితా తప్పనిసరి, నీది ద్రాక్ష అన్న ఒక్క మాటతో అయిపోతుంది. కానీ ఈస్టు తనంతట తానే కొంత సల్ఫైట్ తయారు చేస్తుంది. నువ్వు చెంచాడు వేయకపోయినా లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే సల్ఫైట్లు ఉన్నాయని రాయాల్సిందే. ల్యాబ్ అంకె చూసి అప్పుడు అచ్చుకు ఇవ్వు. జూన్‌లో రెమ్మల ఫోటోలు పంపు, ఆకు అడుగు భాగం కనిపించేలా తియ్యి.

ఆశీస్సులతో,
మావయ్య